పాత స్పీకర్ల జత: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఏం చేయాలి

దసరా ముందు ఇళ్లకు సున్నాలు వేసే రోజులు పాత స్పీకర్లు కొనేవాళ్లకు అసలైన సీజన్. అటక మీది సామానంతా వాకిట్లోకి వస్తుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ వైపు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లే. 1980ల్లో, 90ల్లో వాళ్లు విమానంలో మోసుకొచ్చిన జపాన్ సెట్లలో డెక్కు బెల్టులు సాగిపోయి, సీడీ లెన్సు చచ్చిపోయి అంతా మూలన పడినా స్పీకర్లు మాత్రం ఎక్కడో ఒకచోట ఉంటాయి, ఒకదాని మీద టేబుల్ ఫ్యాను, ఇంకోదాని మీద మనీప్లాంటు.

నా మొదటి జత మెట్‌పల్లి దగ్గర ఒక ఊళ్లో, మా చుట్టాల ఎదురింటి అవ్వ ఇచ్చింది. "మా ఆయన మస్కట్‌ల కొన్నడు బిడ్డా, ఇప్పుడు ఎవలు వింటున్నరు, తీస్కపో" అంది. ఊరికే తీసుకోవడం బాగోదని ఎనిమిది వందలు చేతిలో పెట్టి హన్మకొండకు తెచ్చుకున్నాను. తెచ్చి, బాగు చేయించే తొందరలో అందులో ఒకదాన్ని నేనే చెడగొట్టుకున్నాను. ఎలాగో కింద చెప్తాను, మీరు మాత్రం అలా చేయొద్దు.

మొదట ఒక్క మాట మనసులో పెట్టుకోండి. మీరు కొనేది స్పీకర్ కాదు, జత. ఎడ్ల జోడు కొనేటప్పుడు ఒక ఎద్దు ఎంత బలంగా ఉన్నా రెండోది కుంటిదైతే బండి పక్కకే లాగుతుంది కదా, ఇదీ అంతే. ఎడమదీ కుడిదీ ఒకేలా మోగితేనే పాట పాడే మనిషి మీ ఎదురుగా మధ్యలో నిలబడ్డట్టు వినిపిస్తుంది. అందుకే కొనేటప్పుడు చూసే ప్రతిదీ రెండింటిలోనూ చూడాలి, బాగు చేసేటప్పుడు ఒకదానికి చేసిందే రెండోదానికీ చేయాలి.

ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

బుక్‌షెల్ఫ్ స్పీకర్ అంటే అల్మారాలోనో బల్ల మీదో పట్టే చిన్న పెట్టె. లోపల రెండు డ్రైవర్లుంటాయి, లావు శబ్దాలకు వూఫర్, సన్నవాటికి ట్వీటర్. ఒకప్పుడు ఆ లావు శబ్దం, అంటే బేస్, కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాల్సిందే. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన ఏఆర్-1 అనే స్పీకర్‌తో ఆ లెక్క మార్చాడు. పెట్టెను గాలి చొరబడకుండా మూసేసి, లోపల చిక్కుకున్న గాలినే కోన్ (ఊగుతూ శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) వెనక స్ప్రింగులా వాడుకున్నాడు. వెనకాల గానీ ముందు గానీ గొట్టంలాంటి రంధ్రం లేని పాత పెట్టె కనిపిస్తే అది ఈ రకమే. రంధ్రం ఉంటే పోర్టు రకం. రెండూ మంచివే, కానీ మూసిన పెట్టెకు ఎక్కడైనా చిన్న సందు పడితే దాని బేస్ పోతుంది, ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

మన దగ్గర దొరికేవి మూడు రకాలు. సెట్‌తో పాటు వచ్చినవి, విడిగా కొన్న విదేశీ స్పీకర్లు, మన దేశంలోనే తయారైనవి. కలకత్తా కంపెనీ సోనోడైన్, తర్వాత కాస్మిక్, ఫిలిప్స్ పేర్లు మూడో రకంలో ఎక్కువగా కనిపిస్తాయి. ఇక సెట్‌తో వచ్చినవాటిలో చాలావరకు పైకి మూడు డ్రైవర్లు కనిపించినా వెనక పలక పలచగా ఉంటుంది, లోపల సన్న శబ్దాలను ట్వీటర్‌కు వేరు చేసి పంపే ఒక్క కెపాసిటర్ తప్ప ఏమీ ఉండదు, మూడోది ఉత్త ప్లాస్టిక్ అలంకారం కూడా కావచ్చు. వేళ్ల కణుపులతో పెట్టె పక్కన తట్టండి, డొల్లగా డబ్బాలా మోగితే ముందుకు పోండి. ఎత్తి చూడండి, సైజుకు తగ్గ బరువుండాలి. వెనకాల చీటీ మీద 300 వాట్లు, 500 వాట్లు అని ఉంటే దాన్ని పట్టించుకోకండి, అది దుకాణంలో అమ్మడానికి రాసిన అంకె. దాని పక్కన 4 ఓమ్‌లా, 6 ఓమ్‌లా, 8 ఓమ్‌లా అని ఉంటుంది, అది రాసుకోండి.

ఒంటి స్పీకర్ ఎంత చవకగా ఇచ్చినా కొనొద్దు. "ఇంకోటి ఎక్కడో ఉన్నది, దొరికినంక ఫోన్ చేస్త" అన్నవాళ్లెవరూ నాకు ఇంతవరకు ఫోన్ చేయలేదు.

చూడ్డానికి పోయేటప్పుడు

జేబులో ఒక మల్టీమీటర్, ఒక పెన్సిల్ సెల్, సెల్‌ఫోన్ టార్చి, కుదిరితే ఫోన్‌కు తగిలించుకునే చిన్న యాంప్లిఫైయర్, రెండు మీటర్ల వైరు. ఇంతే.

ముందు ముందరి గుడ్డ తీయించండి. చాలా పెట్టెల్లో అది నాలుగు మూలల గుంజల మీద నిలబడి ఉంటుంది, మెల్లగా గుంజితే వస్తుంది. వూఫర్ కోన్‌కీ ఇనుప ఫ్రేముకీ మధ్య మెత్తగా ఉబ్బిన రింగు ఒకటుంటుంది. పాత స్పీకర్ చావు బతుకులు సగం ఆ రింగులోనే ఉంటాయి. అది రబ్బరుదైతే అదృష్టం, చాలా ఏళ్లు ఆగుతుంది. గుడ్డతో మడతలు మడతలుగా చేసిందైతే ఇంకా గట్టిది. ఫోమ్ అయితే మాత్రం 15, 20 ఏళ్లలో గాలిలో తేమకూ వెలుతురుకూ దానంతట అదే కుళ్లిపోతుంది, వాడినా వాడకపోయినా. వేలితో కొంచెం తాకితే అరిసె ముక్కలా పొడి రాలితే ఫోమ్ పోయినట్టు. అలాగని వదిలేయక్కర్లేదు, మార్చుకోవచ్చు, కానీ బేరానికి అదే మీ ఆయుధం. ఫోమ్ పోయిన స్పీకర్‌ను మాత్రం గట్టిగా మోగించి చూపించమనకండి. పట్టు లేని కోన్ ఒరిగి, లోపల దాన్ని ఊపే తీగ చుట్ట, వాయిస్ కాయిల్, అయస్కాంతానికి రాసుకుంటుంది, బాగు చేయగలిగింది కూడా చేతికి రాకుండా పోతుంది.

తర్వాత నాలుగు వేళ్లు కోన్ చుట్టూ సమంగా పెట్టి మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమని ఇసుక రాసినట్టు వినిపిస్తే కాయిల్ రాసుకుంటోంది. మూసిన పెట్టెలో రింగు బాగున్న కోన్ నొక్కి వదిలితే నింపాదిగా తిరిగి రావాలి, టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోంది.

ఇప్పుడు మీటర్. వెనక వైరు తగిలించేచోట ఓమ్‌లు చూడండి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో 5.5 నుంచి 7 దాకా చూపిస్తుంది, 4 ఓమ్‌లది 3 నుంచి 3.5 దాకా. తక్కువ చూపిందని కంగారు పడకండి, రాసింది వేరే లెక్క, మీటర్ చూపేది తీగ నిరోధం ఒక్కటే. రెండు పెట్టెల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. అసలేమీ చూపకపోతే వూఫర్ కాయిల్ తెగిందో, లోపల వైరు ఊడిందో. ఒక తిరకాసు ఉంది, ఈ పరీక్షలో ట్వీటర్ సంగతి తెలియదు. దాని దారిలో కెపాసిటర్ అడ్డం ఉంటుంది, మీటర్ నుంచి వచ్చే కరెంటు అది దాటదు. ట్వీటర్‌ను చెవితోనే చూడాలి: పాట చిన్నగా పెట్టి వూఫర్ ముందు దిండు అడ్డం పెట్టి, ట్వీటర్ దగ్గర చెవి పెట్టండి. గజ్జెలు, తాళాలు, "స" శబ్దాలు వినిపించాలి, రెండు పెట్టెల్లో ఒకే మోతాదులో. ట్వీటర్ చచ్చిన జత నేనైతే కొనను. ఫోమ్ రింగు ఎక్కడైనా దొరుకుతుంది, 35 ఏళ్ల కిందటి అదే ట్వీటర్ దొరకదు.

పెన్సిల్ సెల్ దేనికంటే, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ ఒక్క క్షణం తాకిస్తే వూఫర్ కోన్ కదులుతుంది. చాలావాటిలో ముందుకు వస్తుంది, కొన్ని కంపెనీలవి వెనక్కి పోతాయి. ఎటు కదిలినా రెండూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి అయితే ఎవరో ఇంతకు ముందే విప్పి వైర్లు తిప్పి పెట్టారన్నమాట. అది అరగంట పని, కానీ ఇంకేం కెలికారో అన్న అనుమానంతో చూడాలి.

చివరిది, ముక్కు. పోర్టు దగ్గర వాసన చూడండి. నవ్వకండి. తడి బూజు వాసన వస్తే అడుగు పలక ఉబ్బి ఉంటుంది, ఎలుక వాసన వస్తే లోపల దూది అంతా గూడు అయి ఉంటుంది. వెనక గోడకు ఆనించి ఏళ్ల తరబడి పెట్టినవాటికి చెదలు కూడా పడతాయి. టార్చి వేసి మట్టి గీతలున్నాయేమో చూడండి. చెద పట్టినదాన్ని ఇంటికి తెచ్చి మీ అల్మారాకు అంటించుకోకండి.

విప్పడం

విప్పే ముందు ఎడమ, కుడి అని వెనకాల రాయండి, ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి, ముఖ్యంగా ఏ వైరు ఏ కాలుకు ఉందో. పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి స్క్రూలు తీయాలి. స్క్రూడ్రైవర్‌ను రెండో చేత్తో గట్టిగా పట్టుకోండి, వూఫర్ అయస్కాంతం దాన్ని లాక్కుంటుంది, జారితే నేరుగా కోన్‌లో గుచ్చుకుంటుంది. స్క్రూలన్నీ తీసినా డ్రైవర్ రాకపోతే గాలి పోకుండా అంచు కింద వేసిన పాత గ్యాస్కెట్ అతుక్కుపోయిందని అర్థం, పొడవైన పలచటి కత్తితో చుట్టూ మెల్లగా కదిలించాలి. లోపల పసుపు పచ్చని గాజు ఉన్ని ఉంటే చేతి తొడుగులు, మూతికి గుడ్డ తప్పనిసరి, లేకపోతే రెండు రోజులు గోక్కుంటూనే ఉంటారు. ఉన్ని ఎంత ఉందో అంతే మళ్లీ పెట్టాలి. ఎక్కువ పెడితే బేస్ పెరుగుతుందని కూరకండి.

ఫోమ్ మార్చడం

ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. అవ్వ ఇచ్చిన జతలో కుడి వూఫర్ ఫోమ్ పూర్తిగా పోయింది, ఎడమది ఇంకా అంతంతమాత్రంగా నిలబడి ఉంది. సరేలే ఒకటే కదా అని ఒక సౌండ్ సర్వీస్ దుకాణంలో ఇచ్చాను. సాయంత్రానికి కొత్త కోన్‌తో ఇచ్చారు. ఫోమ్ మార్చమంటే కోన్ మొత్తం కోసేసి, మైక్ సెట్‌లకు వేసే మందపాటి కాగితం కోన్, బిర్రుగా ఉండే గుడ్డ అంచుతో వేశారు. వాళ్ల తప్పు అనను, బారాత్‌లో మోగే స్పీకర్లకు అదే సరైన పని. కానీ నా కుడి స్పీకర్‌కు బేస్ పోయి గొంతులు ముందుకు తన్నుకొచ్చాయి, జత చెడింది. పాత కోన్ కూడా చెత్తబుట్టలో పోయింది. కాబట్టి కాయిల్ బాగుంటే కోన్ ముట్టుకోనివ్వకండి. ఫోమ్ మీరే మార్చుకోండి, ఒక ఆదివారం పని.

కొలతలు ముందు. "8 అంగుళాల ఫోమ్ ఇవ్వండి" అంటే సరిపోదు, 8 అంగుళాల వూఫర్లలోనే కోన్ సైజులు పది రకాలు. కోన్ బయటి అంచు ఎంత వెడల్పో, ఫ్రేములో ఫోమ్ కూర్చునే చోటు బయటి అంచు ఎంతో, ఉబ్బెత్తు భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఈ నాలుగూ మిల్లీమీటర్లలో రాసుకోండి. పాత ఫోమ్ కోన్‌కు పైనుంచి అంటించారా కిందనుంచా అన్నది కూడా చూడాలి. ఈ కొలతలతో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, లేదంటే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయి కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, కెపాసిటర్లు కూడా అదే ప్రయాణంలో అయిపోతాయి. రెండు వూఫర్లకూ కొనండి. ఒకటి ఇంకా బాగానే ఉందనిపించినా సరే.

పాత ఫోమ్‌ను వేళ్లతో, వెదురు పుల్లతో గీకి తీయండి. కోన్ మీద మిగిలిన జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి, మొద్దు అంచుతో తోసేయాలి. కాగితం కోన్‌ను నానబెట్టొద్దు. ఫ్రేము వైపు అట్ట రింగులుంటాయి, అవి చిరగకుండా తీస్తే మళ్లీ పనికొస్తాయి. ఈ గీకుడుకే రెండు గంటలు పడుతుంది, విసుగొచ్చి సగంలో ఆపితే కొత్త ఫోమ్ ఎగుడుదిగుడుగా కూర్చుంటుంది.

జిగురు సంగతి. కాగితం కోన్‌కు మామూలు తెల్ల ఫెవికాల్ చాలు, నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి సర్దుకోవడానికి టైముంటుంది. ప్లాస్టిక్ కోన్‌కు అది పట్టదు, ఆ ప్లాస్టిక్‌కు పనికొస్తుందని రాసి ఉన్న జిగురే కొనాలి. ముందు ఫోమ్‌ను కోన్‌కు మాత్రమే అంటించి, వేలితో చుట్టూ నొక్కుతూ పూర్తిగా ఆరనివ్వండి. రెండోసారి ఫ్రేము వైపు అంటించాలి. కోన్ సరిగ్గా మధ్యలోకి వచ్చేది ఇప్పుడే. జిగురు తడిగా ఉండగానే కోన్‌ను నాలుగు వేళ్లతో పైకీ కిందికీ ఆడించండి, గరగర వినిపిస్తే ఫోమ్ అంచును వెంట్రుకవాసి పక్కకు జరిపి మళ్లీ ఆడించండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని 30 హెర్ట్జ్ శబ్దాన్ని బాగా చిన్న వాల్యూమ్‌లో వూఫర్‌కు ఇస్తే ఇంకా మంచిది, కోన్ దానంతట అదే ఊగుతూ మధ్యకు సర్దుకుంటుంది, రాసుకుంటే వెంటనే తెలుస్తుంది.

ఎంత జరిపినా గరగర పోకపోతే కోన్ మధ్యలో దుమ్ము పడకుండా ఉండే మూతను, అంటే డస్ట్ క్యాప్‌ను, బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీసి, కాయిల్‌కూ లోపలి ఇనుప గుంజకూ మధ్య సందులో పాత కెమెరా నెగటివ్ ముక్కలు నాలుగు వైపులా దోపాలి. అవి కాయిల్‌ను కదలకుండా మధ్యలో పట్టుకుంటాయి, ఫోమ్ ఆరాక తీసేసి క్యాప్ అంటించేయొచ్చు. చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి ఒక రోజు ముట్టుకోకండి. వానాకాలమైతే రెండు రోజులు.

రబ్బరు రింగు మెత్తబడాలని కొబ్బరినూనె రాసేవాళ్లను చూశాను. దయచేసి వద్దు. నూనె కాగితంలోకి పాకి కోన్ బరువెక్కుతుంది, ఇక దానికి జిగురు కూడా అంటదు.

లోపలి కెపాసిటర్లు

వెనక పలకకు చిన్న బోర్డు ఉంటుంది, దాని మీద కెపాసిటర్లు, తీగ చుట్టలు, తెల్లటి సిమెంట్ రెసిస్టర్లు. శబ్దాన్ని వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచేది ఇదే. పాతవాటిలో ముసలైపోయేది కెపాసిటర్లే, అదీ ఎలక్ట్రోలైటిక్ రకం, వాటి మీద ఎన్‌పీ (నాన్ పోలార్) లేదా బీపీ (బైపోలార్) అని ఉంటుంది, అంటే ప్లస్ మైనస్ తేడా లేనివి. ఉదాహరణకు 8 ఓమ్‌ల ట్వీటర్ ముందు 4.7 మైక్రోఫారడ్ ఒక్కటే ఉంటే సుమారు 4,200 హెర్ట్జ్ పైనున్నవి ట్వీటర్‌కు పోతాయి. అది ఎండిపోయి 3.3కు పడిపోతే ఆ గీత 6,000కు జరుగుతుంది, మధ్యలో గుంట పడుతుంది. రెండు పెట్టెల్లో రెండు రకాలుగా ఎండిపోతే మళ్లీ పాత కథే, జత కుదరదు.

కొలవాలంటే ఒక కాలు ఊడదీసి మీటర్ కెపాసిటెన్స్ రేంజిలో చూడాలి. నేనైతే కొలిచి ఊరుకోను, పాత ఎలక్ట్రోలైటిక్‌లు రెండు పెట్టెల్లోనూ మార్చేస్తాను. అంకె అదే ఉండాలి, ఓల్టేజీ పాతదానికి సమానం గానీ ఎక్కువ గానీ. మామూలు రేడియో దుకాణంలో దొరికే ప్లస్ మైనస్ ఉన్న ఎలక్ట్రోలైటిక్ ఇక్కడ వేయకూడదు, నాన్ పోలార్ కావాలి. ట్వీటర్ దారిలో పాలీప్రొపైలిన్ ఫిల్మ్ రకం వేస్తే ఇక జన్మలో మార్చక్కర్లేదు, కాకపోతే వాటి లోపలి నిరోధం తక్కువ కాబట్టి కొన్ని స్పీకర్లు కొంచెం చురుగ్గా వినిపిస్తాయి. మరీ గుచ్చుతుంటే వరసలో అర ఓమ్, ఒక ఓమ్ రెసిస్టర్ వేస్తే సరిపోతుంది. అంకె దొరకకపోతే రెండు పక్కపక్కన కలపండి, 2.2 రెండు కలిస్తే 4.4. తీగ చుట్టలను ముట్టుకోకండి, చోటు కూడా మార్చకండి.

ట్వీటర్ పెంచే తగ్గించే నాబ్ ఉంటే తిప్పినప్పుడు కరకరలాడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి, చాలావరకు పోతుంది. ట్వీటర్‌ను విప్పి దాని కాళ్ల దగ్గరే కొలిస్తే మీటర్‌లో బాగానే ఉండి కూడా మందంగా మోగుతుంటే లోపలి ఫెర్రోఫ్లూయిడ్ అనే నల్లటి ద్రవం ఎండి గట్టిపడి ఉండొచ్చు, 1980ల ట్వీటర్లలో కొన్నిటిలో ఇది ఉండేది. తీసి తుడిచి కొత్తది పోయొచ్చు కానీ మొదటి జత మీద మాత్రం ఆ ప్రయోగం చేయకండి.

పెట్టె

దీని మీద ఎక్కువ చెప్పను, ఎందుకంటే జనం ముందు ఇక్కడే మొదలుపెట్టి పాలిష్ కొట్టి మురిసిపోయి లోపల చూడరు. ఉబ్బిన మూలలో పలచగా చేసిన ఫెవికాల్ పట్టించి, రెండు చెక్కల మధ్య పెట్టి క్లాంపు బిగించండి. లేచిన వెనీర్ (పైన అంటించిన పలచటి పొర) కింద జిగురు పెట్టి, మీద గుడ్డ వేసి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే కూర్చుంటుంది. అసలు చెక్క వెనీర్ అయితే సన్న సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది అవిసె నూనె పట్టించండి, రంగు మళ్లీ మేలుకుంటుంది. ఆ నూనె గుడ్డలను మాత్రం ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. మన ఎండల్లో అసలే వద్దు. నీళ్లలో తడిపి, బయట విడదీసి ఆరేయాలి. ముందరి గుడ్డ చిరిగితే కొత్తది కొనేటప్పుడు నోటి దగ్గర పెట్టుకుని ఊదండి, ఊపిరి తేలిగ్గా పోతే శబ్దమూ పోతుంది. డ్రైవర్లు తిరిగి బిగించేటప్పుడు పలచటి ఫోమ్ టేప్ గ్యాస్కెట్‌గా వేయాలి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా.

పెట్టుకోవడం, వినడం

ట్వీటర్ మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. స్టాండ్ల కోసం వేలు పోయక్కర్లేదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ కోసే దగ్గర టాన్ బ్రౌన్ రాతి ముక్కలు మిగులుతుంటాయి, రెండు సమానమైనవి అడిగి తెచ్చుకుని ఇటుకల వరస మీద వేస్తే కదలని స్టాండ్ అవుతుంది. పోర్టు వెనకాల ఉంటే గోడకు జానెడు, మూరెడు దూరం జరుపుతూ వినండి. 6 ఓమ్‌ల స్పీకర్లకు యాంప్లిఫైయర్ కూడా 6 ఓమ్‌లకు ఒప్పుకునేదై ఉండాలి. చిన్న యాంప్లిఫైయర్‌ను చివరిదాకా తిప్పి గొంతు చీలేలా పెడితే ముందు కాలేది ట్వీటరే, పెద్ద యాంప్లిఫైయర్ కంటే ఇదే ఎక్కువ ప్రమాదం.

పని అయిందో లేదో తేల్చుకోవడానికి బేస్ పాటలు పెట్టకండి. రేడియో వార్తలు పెట్టండి. బీబీసీ వాళ్లు తమ వ్యాన్లలో వాడుకోవడానికి చేసుకున్న చిన్న ఎల్‌ఎస్3/5ఏ స్పీకర్‌కు కూడా పరీక్ష మనిషి మాటే. మనం పుట్టినప్పటి నుంచి వింటున్న శబ్దం అది, తేడా వస్తే ఇట్టే పట్టేస్తాం. ఫోన్ సెట్టింగుల్లో మోనో (రెండు వైపులా ఒకే శబ్దం) ఆన్ చేసి, రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చోండి. వార్తలు చదివే మనిషి సరిగ్గా మధ్యలో ఉండాలి. పక్కకు జరిగితే రెండు పెట్టెలనూ అటుదిటు మార్చండి. గొంతు కూడా అటు మారితే లోపం స్పీకర్‌లో ఉంది, అదే వైపు ఉండిపోతే గదిలోనో యాంప్లిఫైయర్‌లోనో ఉంది.

అవ్వ ఇచ్చిన జతలో గొంతు ఇప్పటికీ కుడికే జరుగుతుంది. బ్యాలెన్స్ నాబ్ రెండు గీతలు ఎడమకు తిప్పుకుని వింటున్నాను. ఒంటి స్పీకర్ కొనొద్దని పైన అన్నాను కానీ, దానిదే ఇంకో పెట్టె, వూఫర్ బాగున్నది, మెట్‌పల్లి వైపు ఎవరి అటక మీదైనా ఒంటిగా కనిపిస్తే నేను మాత్రం కొంటాను.